తప్తపాణి బురద, హుమ్మ ఉప్పునీళ్లు: ప్లాస్టిక్‌ని కొరికే సూక్ష్మజీవుల్ని వెతికే పద్ధతి

బరంపురంలో బస్సెక్కి దిగపహండి మీదుగా తప్తపాణి వెళ్తుంటే దారి పొడుగునా తెలుగు, ఒడియా కలగలిసి వినబడుతూనే ఉంటాయి. కిందటి మాఘంలో నా ఒళ్లో నాలుగు గాజు సీసాలు, ఒక థర్మామీటరు, పొడుగుపాటి స్టీలు గరిటె చూసి పక్కసీటు పెద్దావిడ అడిగింది, "మొక్కుబడా బాబూ?" అని. కాదమ్మా, బురద తెచ్చుకోడానికి అన్నాను. ఆవిడేమీ వింతపడలేదు. సంతానం కోసం అక్కడి బురదలో గింజ వెతుక్కునే ఆచారం ఉంది కదా. "చెయ్యి పెట్టిన అందరికీ దొరకదు, ఓపికుండాలి" అంది.

నాకూ అంతకంటే మంచి సలహా ఎవరూ ఇవ్వలేదు. మరిగే నీళ్లు, ఉప్పు మడులు, మంచు కొండలు లాంటి చోట్ల బతికే సూక్ష్మజీవుల్లో ప్లాస్టిక్‌ని విరగ్గొట్టేవి ఉన్నాయని పేపర్లలో చదివి, మా కాలేజీ పిల్లలు "మన గంజాం జిల్లాలోనే రెండున్నాయి కదా మాస్టారూ, చూద్దామా" అన్నారు. ఒకటి తప్తపాణి గంధకపు వేడినీళ్లు, రెండోది హుమ్మ ఉప్పు మడులు. అలా మొదలైన పనిలో మేం పడ్డ తప్పులన్నీ పోగేసి, మీరు పడకుండా ఉండాలని ఈ పద్ధతి రాస్తున్నాను. డిగ్రీ కాలేజీ స్థాయి ప్రయోగశాల, పర్యవేక్షణకి సూక్ష్మజీవుల పని తెలిసిన ఒక అధ్యాపకులు, ఆరు నెలల సమయం కావాలి. ఇంట్లో వంటగదిలో చెయ్యకండి.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఈ పని పూర్తయ్యాక మీ చేతికి వచ్చేది ఊరి చెత్తకుప్పకి మందు కాదు. ఫలానా చోటి బురదలో ఫలానా రకం ప్లాస్టిక్‌ని ఏదో కాస్త కొరికే జీవి ఉందా లేదా అన్న జవాబు. ఆ జవాబు నిజాయితీగా రాబట్టడమే కష్టం. బురద తేవడం ఒక్కపూట పని.

మొదలెట్టేముందు: ఇలాంటి చోట్లే ఎందుకు?

ఆవకాయ జాడీ గుర్తుచేసుకోండి. ఏడాది పొడుగునా పాడవకపోవడానికి ఉప్పు ఒక ముఖ్య కారణం. మామూలు సూక్ష్మజీవి ఒంట్లోని నీటిని ఉప్పు బయటికి లాగేస్తుంది. అదే ఉప్పుకి అలవాటుపడ్డ జీవుల్ని మంచినీళ్లలో వేస్తే వాటిలో చాలావాటికి ప్రాణం పోతుంది. వేడినీళ్ల జీవులదీ అదే తంతు. వాటి ఎంజైములు మనకి చెయ్యి కాలే వేడిలో హాయిగా పనిచేస్తాయి. అమెరికాలోని యెల్లోస్టోన్ వేడి ఊటల్లో దొరికిన థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాని 1969లో ప్రకటించారు. ఈవేళ ప్రపంచమంతా చేస్తున్న పీసీఆర్ పరీక్ష దాని ఎంజైము పుణ్యమే.

ప్లాస్టిక్ విషయంలో వేడి ఎందుకు ముఖ్యమంటే, నీళ్ల సీసాలు చేసే పెట్ అనే ప్లాస్టిక్ 70 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో బిగువు సడలి మెత్తబడుతుంది. అంతవరకూ దాని గొలుసులు బిర్రబిగుసుకుని ఉంటాయి, ఎంజైము నోరు పెట్టే సందు దొరకదు. 2016లో జపాన్‌లోని సకాయ్‌లో, సీసాల రీసైక్లింగ్ కేంద్రం దగ్గర దొరికిన ఇడియొనెల్లా సకాయెన్సిస్ 30 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. పల్చటి, మెత్తరకం పెట్ పొరని దాదాపు పూర్తిగా కరిగించడానికి దానికి ఆరు వారాలు పట్టింది. 2012లో జపాన్ వాళ్లే ఆకులూ కొమ్మలూ కుళ్లిన ఎరువులోంచి ఎల్‌సీసీ అనే ఎంజైము తాలూకు జన్యువుని పట్టుకున్నారు. దాన్ని సానబెట్టిన ఫ్రెంచి బృందం 2020లో, 72 డిగ్రీల దగ్గర, ముందే నలిపి సిద్ధం చేసిన పెట్‌ని 10 గంటల్లో 90 శాతం విడగొట్టామని చూపించింది. ఆరు వారాలెక్కడ, పది గంటలెక్కడ! రెండు ప్రయోగాలూ ఒకటి కావు, నేరుగా పోల్చకూడదు. కానీ వేడి ఏం చేస్తుందో మాత్రం తెలుస్తుంది.

గమనించారో లేదో, ఎల్‌సీసీ దొరికింది వేడి ఊటలో కాదు, ఎరువు పోగులో. బాగా కాగుతున్న పెంటపోగు నడిమధ్యలో చెయ్యి పెట్టి చూడండి, పెట్టలేరు. 60 డిగ్రీలు దాటుతుంది. తప్తపాణి వెళ్లలేనివాళ్లు ఊరిచివర పెంటపోగు నడుమ నుంచి గుప్పెడు తీసుకున్నా సరిపోతుంది. నిజం చెప్పాలంటే నేను ఇప్పుడు మొదలెడితే అక్కణ్నుంచే మొదలెడతాను.

చలిదేశాల కథ కూడా ఒకటి. 2023లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఆల్ప్స్ కొండలు, ధ్రువప్రాంతాల నుంచి తెచ్చిన 34 రకాల సూక్ష్మజీవుల్ని 15 డిగ్రీల దగ్గర పరీక్షించారు. 19 రకాలు పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌ని కొరికాయి. పాలిథిన్‌ని 126 రోజులైనా ఒక్కటీ ముట్టలేదు. ఈ చివరి వాక్యాన్ని గోడమీద రాసిపెట్టుకోండి, రెండో అడుగులో పనికొస్తుంది.

మొదటి అడుగు: బురద, నీళ్లు తేవడం

అనుమతితో మొదలెట్టండి. తప్తపాణి పూజాస్థలం, అక్కడ కంధుణీదేవి గుడి ఉంది. పూజారిగారితో మాట్లాడకుండా సీసా ముంచితే గొడవే, అది న్యాయం కూడా. అసలు ఊటని వదిలేసి, నీళ్లు బయటికి పారే కాలువ అంచున, పాచి జిగురుగా పట్టిన రాళ్లదగ్గర తీసుకోండి. ఆ జిగురే మనకి కావలసింది. హుమ్మలో మడులు కౌలుకి ఉంటాయి, మడి యజమానిని అడగాలి. అడవి హద్దుల్లో అయితే అటవీశాఖ అనుమతి తప్పదు. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం నమూనాల్ని, వాటినుంచి తీసిన జీవుల్ని ఇష్టమొచ్చినట్టు విదేశాలకి పంపకూడదు, ఇది పిల్లలకి మొదటిరోజే చెప్పండి.

తీసుకెళ్లాల్సినవి: కుక్కర్లో ఆవిరిపట్టిన గాజు సీసాలు, 110 డిగ్రీల దాకా చూపే స్పిరిట్ థర్మామీటరు (పాదరసం వద్దు), పీహెచ్ కాగితాలు, పొడుగు గరిటె, చేతితొడుగులు, పెన్సిలు. పెన్ను వద్దు, తడికి సిరా పారిపోతుంది.

వేడి ఎంతో ఎవరో చెప్పింది రాసుకోకండి. ఊట దగ్గర ఒక లెక్క, పది గజాలు పారాక ఇంకో లెక్క. థర్మామీటరు బురదలోకి దించి, నిమిషం ఆగి, సీసామీద రాయండి: తేదీ, వేళ, వేడి, పీహెచ్. సీసాని ఐసులో పెట్టక్కర్లేదు. నీడలో పెట్టుకుని ఆ రోజే ల్యాబుకి చేర్చండి.

జాగ్రత్త ఒకటి. గోరువెచ్చటి నీళ్లలో మెదడుకి సోకే అమీబా ఉండే అవకాశం ఎక్కడైనా ఉంది. అది ముక్కులోంచే ఎక్కుతుంది. నమూనా తీసేటప్పుడు నీళ్లు చిందనివ్వకండి, ఆ చేత్తో ముఖం కడగకండి.

హుమ్మకి బరంపురం నుంచి రైల్లో పోవచ్చు. ఛత్రపురం, గంజాం, తర్వాత హుమ్మ. ఋషికుల్య వంతెన దాటాక కిటికీలోంచి చూస్తే తెల్లటి కుప్పలు కనిపిస్తాయి. ఎండలు ముదిరాకే వెళ్లండి, వానపడ్డ వారానికి ఉప్పునీళ్లు పల్చబడి అసలు జీవులు దొరకవు. మడులన్నీ ఒకటి కావు. సముద్రపు నీళ్లు ఒక మడిలోంచి ఇంకోదానికి మారుతూ చిక్కబడతాయి. చివరి మడిలో నీళ్లు లేత గులాబీరంగు తిరిగితే మంచి గుర్తు. అది ఉప్పుని ఇష్టపడే జీవుల రంగు. నేను సీసా ముంచుతుంటే ఉప్పు లాగే ఆయన ఒడియాలో ఏదో అడిగి, నా జవాబు యాస విని తెలుగులోకి దిగాడు: "ఏటి మాస్టారూ, ఉప్పులో కూడా పురుగులుంటాయా?" ఉంటాయన్నాను. "మరి మేం అమ్మేదాన్లో?" అన్నాడు. మనిషికి హాని చేసేవి కావని చెప్పేదాకా గరిటె నాకు తిరిగివ్వలేదు.

తమాషా ఏమిటంటే ఈ ఉప్పు జీవుల్లో కొన్ని ప్లాస్టిక్‌ని తినవు సరికదా, తయారుచేస్తాయి. హాలోఫెరాక్స్ మెడిటరేనియై అనే జీవి తిండి ఎక్కువైనప్పుడు ఒంట్లో ఒకరకం జీవప్లాస్టిక్‌ని కొవ్వులా దాచుకుంటుంది. అలాంటి ప్లాస్టిక్‌ని విరగ్గొట్టేవీ ప్రకృతిలో ఉంటాయి.

రెండో అడుగు: ఏ ప్లాస్టిక్?

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. "ప్లాస్టిక్" అని ఒక వస్తువు లేదు. పెట్‌ని పూలదండ అనుకోండి. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఒక ముడి ఉంటుంది. రసాయనశాస్త్రంలో దాన్ని ఎస్టర్ ముడి అంటారు. నూనెనీ కొవ్వునీ జీర్ణం చేసే ఎంజైములకి కూడా ఎస్టర్ ముడులు విప్పడమే పని. కాబట్టి వాటి దగ్గరి చుట్టాలు పెట్ మీద పనిచేసే వీలుంది. పాలిథిన్‌కి అసలు ముడులే లేవు, ఈ చివరనుంచి ఆ చివరకి కర్బనం తర్వాత కర్బనం, సాపు తీగ. కత్తెర పెట్టే చోటు లేదు. అందుకే మొదటి ప్రయోగానికి క్యారీబ్యాగులూ పాల ప్యాకెట్లూ వద్దంటాను. 126 రోజుల లెక్క గుర్తుందిగా.

పెట్‌లో కూడా సీసా నడుం ముక్క కాకుండా, కేకులూ పండ్లూ పెట్టి అమ్మే పారదర్శకమైన డబ్బా మూత వాడండి. త్రికోణంలో 1 అంకె ఉండాలి. సీసా ఊదేటప్పుడు నడుం భాగం సాగి, గొలుసులు వరసలో సర్దుకుని గట్టిపడతాయి. డబ్బా మూతలో అవి చెదిరి ఉంటాయి, ఎంజైముకి సుళువు. సీసాయే దొరికితే మూత బిగించే మరల కింద మెడ భాగం చూడండి, అది సాగని భాగం. కానీ మందం ఎక్కువ.

అంకె చెరిగిపోతే నీళ్లలో వేసి చూడండి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ తేలతాయి. పెట్, పీవీసీ, థర్మాకోల్‌గా ఉబ్బించని పాలీస్టైరీన్ మునుగుతాయి. మునిగినవాటిని బాగా చిక్కటి ఉప్పునీళ్లలో వేస్తే పాలీస్టైరీన్ పైకొస్తుంది, పెట్ అడుగునే ఉంటుంది. ఆ నీళ్లు హుమ్మలో ఊరికే దొరుకుతాయి.

మూతలోంచి రెండు సెంటీమీటర్ల చదరాలు కత్తిరించి, మూలకి చిన్న గాటుతో గుర్తుపెట్టండి. స్కెచ్ పెన్ను వద్దు, అంకెల ముద్ర ఉన్న భాగమూ వద్దు. మా పిల్లలు ఒకసారి నా మాట వినక అచ్చువేసిన పాల ప్యాకెట్ ముక్కలు పెట్టారు. నెలకి "సార్, తినేసింది!" అని పరుగెత్తుకొచ్చారు. తూకం తగ్గింది నిజమే. పోయింది ఆవు బొమ్మ.

ముక్కల్ని కుక్కర్లో పెట్టకండి. 121 డిగ్రీల ఆవిరికి మెత్తరకం పెట్ పాలలా తెల్లబడి గట్టిపడిపోతుంది, మనం ఏరికోరి తెచ్చిన గుణమే పోతుంది. 70 శాతం ఆల్కహాల్లో అరగంట నానబెట్టి, శుభ్రమైన గాలిలో ఆరబెట్టండి చాలు.

మూడో అడుగు: తిండి లేని పులుసు

కర్బనం తప్ప అన్నీ ఉన్న ద్రవం కావాలి, అప్పుడే జీవి ప్లాస్టిక్ వైపు చూస్తుంది. బుష్నెల్–హాస్ అనే పాత వంటకం ఉంది. లీటరు డిస్టిల్డ్ వాటర్లో మెగ్నీషియం సల్ఫేట్ 0.2 గ్రా., కాల్షియం క్లోరైడ్ 0.02 గ్రా., మోనోపొటాషియం ఫాస్ఫేట్ 1 గ్రా., డైపొటాషియం ఫాస్ఫేట్ 1 గ్రా., అమ్మోనియం నైట్రేట్ 1 గ్రా., ఫెర్రిక్ క్లోరైడ్ 0.05 గ్రా. పీహెచ్ 7. అమ్మోనియం నైట్రేట్ మీద నియంత్రణలున్నాయి. విడిగా కొనే తలనొప్పి లేకుండా కాలేజీ ద్వారా తయారు పొడి తెప్పించుకోవడమే మేలు.

హుమ్మ నమూనాకి ఇదే ద్రవంలో లీటరుకి 150 నుంచి 200 గ్రాముల ఉప్పు కలపాలి. అయొడైజ్డ్ ప్యాకెట్ ఉప్పు వద్దు. కళ్లుప్పయితే అందులోని మెగ్నీషియమూ కాల్షియమూ మన ద్రవంలోని ఫాస్ఫేట్లతో కలిసి తెల్లటి మడ్డిలా అడుగుకి దిగుతాయి. మొదటిసారి దాన్ని చూసి జీవులు పెరిగాయని సంబరపడ్డాం. ఉప్పునీళ్లు ఒక ఫ్లాస్కులో, ఫాస్ఫేట్లు ఇంకోదాంట్లో విడివిడిగా ఆవిరిపట్టి, చల్లారాక కలిపితే ఈ పేచీ చాలావరకు తగ్గుతుంది.

ఆవిరిపట్టడానికి ఆటోక్లేవ్ లేకపోతే పెద్ద ప్రెషర్ కుక్కర్ వాడొచ్చు, కానీ అది ఇంకెప్పుడూ వంటకి పనికిరాదు. నేను ఇంటి కుక్కర్ పట్టుకెళ్లిన రోజు ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ రాయను. మర్నాడే కొత్తది కొనిచ్చాను.

నాలుగో అడుగు: ఫ్లాస్కులు పెట్టడం

ఈ అడుగు కుదురుగా చెయ్యకపోతే మిగతా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. 250 మి.లీ. ఫ్లాస్కులో 100 మి.లీ. ద్రవం, ఒక గ్రాము బురద, తూచిన ప్లాస్టిక్ ముక్కలు రెండు. ఇలాంటివి మూడు. వీటితోపాటు పోల్చడానికి ఇంకో మూడు జట్లు:

బురద లేదు, ప్లాస్టిక్ ఉంది.
చంపిన బురద, ప్లాస్టిక్ ఉంది.
బతికున్న బురద, ప్లాస్టిక్ లేదు.

ఒక్కో జట్టులో మూడేసి చొప్పున మొత్తం పన్నెండు ఫ్లాస్కులు. పిల్లలు "ఇన్నెందుకు" అని సణుగుతారు. ఈ పోలిక జట్లలో మొదటిది వేడికీ నీళ్లకీ ప్లాస్టిక్ తనంత తాను ఎంత చెడుతుందో చెప్తుంది. మొక్కజొన్న పిండితో చేసే పీఎల్ఏ లాంటివైతే 55–60 డిగ్రీల్లో సూక్ష్మజీవి సాయం లేకుండానే నీటికి విరుగుతాయి. ఈ జట్టు లేకుండా "మా బ్యాక్టీరియా పీఎల్ఏని తింది" అన్నవాళ్లని నేను నమ్మను.

రెండో జట్టులో "చంపడం" తేలిక కాదు. వేడినీళ్ల బురదలో జియోబాసిల్లస్ జాతి ఉండే అవకాశం ఎక్కువ. ఆటోక్లేవ్ సరిగా పనిచేస్తోందా అని పరీక్షించడానికి వాడేదే ఆ జాతి సిద్ధబీజాల్ని. అంత మొండివి. అందుకే 121 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు, మర్నాడు మళ్లీ 45 నిమిషాలు.

వేడి బురద ఫ్లాస్కుల్ని మీరు ఊట దగ్గర కొలిచిన వేడిలోనే ఇంక్యుబేటర్లో (వేడిని ఒకేలా ఉంచే పెట్టె) పెట్టండి. అంత వేడిలో నీళ్లు ఆవిరైపోతాయి. ఫ్లాస్కుని మొదటిరోజే తూచి అంకె రాసి, వారానికోసారి తగ్గినంత ఆవిరిపట్టిన డిస్టిల్డ్ వాటర్ పొయ్యండి. లోపల ఒక గిన్నెడు నీళ్లు పెడితే ఇంకా మంచిది. ఉప్పు ఫ్లాస్కులకి 37 డిగ్రీలు చాలు. అవి నిదానం. రెండు వారాలకీ ఏమీ కనబడకపోతే పారబొయ్యకండి.

అయిదో అడుగు: పల్చబరచడం, విడదీయడం

బురదలో సొంత తిండి ఉంటుంది. కుళ్లిన ఆకు, పాచి, చచ్చిన పురుగు. జీవులు ముందు అదే తింటాయి. కడుపు నిండినవాడికి ప్లాస్టిక్ ఎందుకు? అందుకని మూడు వారాలకోసారి 10 మి.లీ. తీసి, 90 మి.లీ. కొత్త ద్రవంలో, కొత్త ముక్కలతో వెయ్యాలి. మూడుసార్లు ఇలా చేస్తే మొదటి తిండి వెయ్యోవంతుకి పల్చబడుతుంది. అప్పటికీ ముక్కమీద జిగురు పొర కడుతోందంటే, ప్లాస్టిక్ లేని జట్టులో ఏ ఎదుగుదలా లేదంటే, ఆశ పెట్టుకోవచ్చు. ఆశ మాత్రమే.

తర్వాత అగార్ ప్లేట్లు, అంటే జీవులు పెరగడానికి జెల్లీలా గడ్డకట్టించిన ద్రవం ఉన్న చిన్న పళ్లేలు. 55 దాటిన వేడిలో మామూలు అగార్ చెమటపట్టి ముడుచుకుపోతుంది. కాస్త చిక్కగా, లీటరుకి 20 గ్రాములు పైన వేసి, ప్లేట్లని తిరగేసి, కవర్లో చుట్టి పెట్టండి.

గుంపులోంచి ఎస్టర్ ముడులు విప్పేవాటిని ఏరడానికి ట్రైబ్యుటైరిన్ ప్లేటు వాడతాం. ఇది వెన్నలో ఉండే ఒక కొవ్వు. ద్రవంలో గిలక్కొట్టి పోస్తే ప్లేటు పల్చటి మజ్జిగలా తెల్లగా ఉంటుంది. ఎంజైము వదిలే జీవి మచ్చ చుట్టూ ఆ తెలుపు విరిగి, అద్దంలా తేట వలయం ఏర్పడుతుంది. మా తప్తపాణి బురదలో మొదటిసారి అది కనబడినప్పుడు ప్లేటుని కిటికీకి ఎత్తి చూస్తే, వలయంలోంచి ఎదుటి మేడమీద ఆరేసిన చీర అంచు కనబడింది. దాని పక్కనే మజ్జిగ తెలుపు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అలా ఎత్తి చూశారు.

కానీ ఆ వలయానికి అర్థం కొవ్వు ముడి విప్పింది అనే. ప్లాస్టిక్ అని కాదు. తర్వాతి మెట్టు పాలీకాప్రొలాక్టోన్ ప్లేటు. అది ఎస్టర్ ముడులున్న మెత్తటి ప్లాస్టిక్. సుమారు 60 డిగ్రీలకి అది కరిగిపోతుంది, కాబట్టి ఈ పరీక్ష 50 డిగ్రీలు దాటనివ్వకండి. రెండింట్లోనూ నెగ్గినవాటినే పెట్ ముక్కలతో మళ్లీ ఫ్లాస్కుల్లో, ఒక్కో జీవిని విడిగా, అవే పోలిక జట్లతో పెట్టాలి.

ఆరో అడుగు: తూకం

దీనికి 0.1 మి.గ్రా. దాకా చూపే కాటా కావాలి. బంగారం కొట్లో కాటా చాలదు.

ముక్కని పట్టకారుతో తీసి, డిస్టిల్డ్ వాటర్లో మూడుసార్లు కడిగి, 2 శాతం ఎస్‌డీఎస్ సబ్బు ద్రావణంలో రాత్రంతా నానబెట్టి, మళ్లీ కడిగి, ఆల్కహాల్లో ముంచి, సిలికా జెల్ ఉన్న డెసికేటర్లో (తేమ చొరబడని మూతపాత్ర) ఆరబెట్టండి. ఒకసారి తూచి, మర్నాడు మళ్లీ తూచి, రెండు అంకెలూ ఒకటయ్యేదాకా ఆగండి. బరంపురం గాలిలో సముద్రపు తేమ. పెట్ కొంచెం తేమ పీల్చుకుంటుంది, వానాకాలంలో తూచిన అంకె ఎండాకాలం అంకెతో కలవదు.

హుమ్మ ఫ్లాస్కుల్లో మాకు జరిగింది చెప్తాను. రెండు నెలల తర్వాత తూస్తే ముక్కలు తగ్గకపోగా పెరిగాయి. కాటా చెడిందనుకున్నాం. కాటాని మార్చి తూచినా అంతే. చివరికి ఒకమ్మాయి ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి నవ్వడం మొదలెట్టింది. అంచు పొడుగునా, గాటులో, గీతల్లో చిన్న చిన్న ఉప్పు పలుకులు, చదరంగా, చక్కగా కోసిన కలకండలా. మేం ఒక్కసారే కడిగాం. అప్పట్నుంచి ఉప్పు ముక్కలకి ఆరు కడుగులు, ఆఖరి నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడకూడదు. తెల్లబడితే మళ్లీ కడుగు.

లెక్క ఇలా. 200 మి.గ్రా. ముక్క 198.6 అయిందనుకోండి, 0.7 శాతం తగ్గింది. బురద లేని జట్టులో 0.5 శాతం తగ్గిందనుకోండి. జీవి ఖాతాలో పడేది 0.2 శాతమే. కాటా తప్పే 0.1 మి.గ్రా., అంటే 0.05 శాతం. మూడు ఫ్లాస్కుల్లో ఒకటి 0.4, ఒకటి 0.2, ఒకటి సున్నా చూపిస్తే నేనైతే "ఏమీ తేలలేదు" అని రాస్తాను. అలా రాయడానికి పిల్లలు ఏడుపుముఖం పెడతారు. రాయించండి.

ముక్క నలిగి పొడి రాలినా తూకం తగ్గుతుంది. ద్రవాన్ని వడగట్టి, కాగితంమీద మిగిలింది చూడండి. పొడి ఉంటే అది తిన్నట్టు కాదు, చిన్న ముక్కలు చేసినట్టు.

ఏడో అడుగు: విరిగిన ముక్కల్ని పట్టుకోవడం

పెట్ నిజంగా విరిగితే టెరెఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ రావాలి. మొదటిది 240 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కాంతిని బాగా పీల్చుకుంటుంది. వడగట్టిన ద్రవాన్ని యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్లో (కాంతిని ఎంత పీల్చుకుందో కొలిచే యంత్రం) పెట్టి నాలుగు జట్ల అంకెలూ పోల్చండి. ద్రవం పోసే చిన్న పాత్ర, అంటే క్యూవెట్, క్వార్ట్జ్‌ది వాడాలి. మామూలు గాజూ ప్లాస్టిక్కూ ఆ కాంతిని తామే మింగేస్తాయి. జీవుల ప్రోటీన్లు కూడా అక్కడ కొంత పీల్చుకుంటాయి, అందుకే ప్లాస్టిక్ లేని జట్టు అంకెని తీసెయ్యాలి. ఇంకో మెలిక: జీవి ఆ ఆమ్లాన్ని కూడా తినేస్తే ఇక్కడ ఏమీ కనబడదు. తేడా స్పష్టంగా వస్తేనే విశ్వవిద్యాలయంలో హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) ఉన్నవాళ్లని బతిమాలుకోండి.

జీవి ఏదో తెలియాలంటే 16ఎస్ జన్యువు చదివించాలి. నిలవ ఉంచదగినదైతే చండీగఢ్‌లో ఎంటీసీసీ, పుణెలో ఎన్‌సీఎంఆర్ లాంటి జాతీయ భాండాగారాలున్నాయి. ఈలోపు 20 శాతం గ్లిసరాల్ కలిపి, మైనస్ 20 డిగ్రీల్లోనో అంతకంటే చల్లగానో చిన్న గొట్టాల్లో దాచండి. ఐస్‌క్రీమ్ పెట్టే ఫ్రిజ్‌లో మాత్రం కాదు.

ఎనిమిదో అడుగు: పారెయ్యడం

పెరిగిన ప్లేట్లని టేపు చుట్టి ఉంచండి, వాసన చూడకండి, తెరిచి ఆడకండి. ప్లాస్టిక్ కోసం పెంచినా అందులో ఏమేం పెరిగాయో మనకి తెలియదు. అన్నిటినీ 121 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఆవిరిపట్టాకే చెత్తలోకి. ఎవరైనా "ఈ ఫ్లాస్కు కాలవలో పోస్తే ఊరి కవర్లన్నీ తినేస్తుందేమో" అంటే పొయ్యనివ్వకండి. తప్తపాణి వేడికి అలవాటుపడింది బరంపురం మురిక్కాలవలో ఆకలితో పడుకుంటుంది. పైగా కాలవలో ఉన్న కవర్లు పాలిథిన్.

మా ల్యాబులో ప్రస్తుతం పన్నెండు ఫ్లాస్కులు నడుస్తున్నాయి, ఈసారి అన్నీ పెంటపోగు బురదవి. ఆరో నెల తూకం దసరా సెలవుల తర్వాత. కరెంటు పోయిన రోజులు విడిగా ఒక చీటీమీద రాసి ఇంక్యుబేటర్ తలుపుకి అంటించాం. ఇప్పటికి పదకొండు గీతలున్నాయి.